1937 మ్యాప్‌కీ ఇప్పటి కాల్పులకీ మధ్య ఏముంది? ఉత్తర ఫిలడెల్ఫియా కేస్ స్టడీ

ఉత్తర ఫిలడెల్ఫియాలో కొన్ని కాలనీ సంఘాలు కలిసి ఒక గ్రాంట్‌కు దరఖాస్తు పెట్టుకుంటూ మా బృందాన్ని ఒక చిన్న సాయం అడిగాయి. 1937 నాటి రెడ్‌లైనింగ్ మ్యాప్ (ఇంటి అప్పులకు ప్రమాదకరమని కొన్ని పేటలకు ఎరుపు రంగు వేసిన మ్యాప్) మీద ఇప్పటి కాల్పుల చుక్కలు వేసి, “దీనివల్లే ఇది” అని చెప్పే పేజీ ఒకటి కావాలన్నారు. నేను చేసేది ప్రజారోగ్య డేటా, మ్యాపుల పని. ఇలాంటి పేజీకి ఒక పూట చాలు. చుక్కలు ఎరుపు రంగు మీదే గుంపులుగా పడతాయని చేయకముందే తెలుసు. ఫిలడెల్ఫియా మీద 2018లో వచ్చిన పరిశోధన అదే చూపించింది: ఇప్పటి జనాభా తేడాలను లెక్కలోకి తీసుకున్నా, 1937లో ఎరుపు పూసిన చోట్లే తుపాకీ గాయాలు ఎక్కువ. లూయీవిల్, బోస్టన్, బాల్టిమోర్ నగరాల మీద జరిగిన పనీ దాదాపు అదే దారిలో ఉంది.

అయినా ఆ ఒక్క పేజీ ఇచ్చి ఊరుకుంటే వాళ్లకు పెద్దగా ఉపయోగం లేదని మొదటి మీటింగులోనే చెప్పాను. డబ్బిచ్చేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “సరే, 1937ను మీరు ఇప్పుడు మార్చలేరు కదా, మరి మా డబ్బుతో ఏం చేస్తారు?” ఆ పేజీలో దానికి జవాబు లేదు.

ఆ మ్యాప్ ఎక్కడిది

మహా మాంద్యంలో ఇంటి వాయిదాలు కట్టలేక లక్షల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకుంటున్నప్పుడు, 1933లో అమెరికా ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే సంస్థను పెట్టింది. పాత అప్పులు తీసుకుని, తేలికైన వాయిదాలతో కొత్త అప్పులుగా మార్చింది. అలా పది లక్షలకు పైగా ఇళ్లను ఆదుకుంది. తర్వాత 1930ల రెండో సగంలో ఇదే సంస్థ 200కు పైగా నగరాల్లో సర్వే చేసి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో రంగు వేసింది. ఆకుపచ్చ అంటే అత్యుత్తమం, నీలం అంటే ఇంకా బాగానే ఉంది, పసుపు అంటే దిగజారుతోంది, ఎరుపు అంటే ప్రమాదకరం. సర్వే ఫారాల్లో ఇళ్ల వయసు, మరమ్మతుల స్థితి, అక్కడివాళ్ల ఆదాయం, వృత్తులు ఉండేవి. విదేశాల్లో పుట్టినవాళ్లు ఎందరు, నల్లజాతివాళ్లు ఉన్నారా, ఉంటే ఎంత శాతం, కొత్తగా ఎవరు “చొరబడుతున్నారు” అనే గడులు కూడా ఉండేవి. ఇళ్ల విలువకు పెట్టిన ఫారంలో ఆ చివరి గడి ఎందుకుందో వివరించక్కర్లేదు.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. తర్వాతి భాగాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ సంస్థ ఇచ్చిన అప్పుల్లో ఎక్కువ భాగం మ్యాపులు గీయకముందే ఇచ్చేసింది, ఎరుపు ప్రాంతాల్లోనూ ఇచ్చింది. అప్పు నిరాకరించడాన్ని దశాబ్దాల పాటు అసలు నియమంగా మార్చింది 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్. బ్యాంకులిచ్చే ఇంటి లోన్లకు ఇది ప్రభుత్వం తరఫున బీమా ఇచ్చేది. ఏ ఇంటికి బీమా ఇవ్వాలో చెప్పే వాళ్ల మాన్యువల్, వేర్వేరు జాతులవాళ్లు కలిసి ఉండటాన్నే రిస్కుగా లెక్కగట్టింది. నల్లజాతివాళ్లకు అమ్మకూడదని దస్తావేజుల్లో షరతులు రాసుకోవడాన్ని మెచ్చుకుంది. ఈ సంస్థ వాడిన మ్యాపులు చాలావరకు మిగల్లేదు. మొదటి సంస్థవి మిగిలాయి. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వాళ్లు వాటిని డిజిటల్ చేసి 2016లో అందరికీ అందుబాటులో పెట్టారు. కాబట్టి మనం అందరం వాడేది దొరికిన మ్యాప్‌నే. ఆ రోజుల్లో నగరాన్ని ఎలా చూశారో చెప్పే రికార్డుగా అది అమూల్యం. అదే సర్వ కారణం అని రాస్తే మాత్రం ఆర్థిక చరిత్ర తెలిసిన ఏ రివ్యూయరైనా మొదటి పేరాలోనే పట్టుకుంటాడు.

ఇంకో సంగతి. దేశం మొత్తం మీద ఎరుపు ప్రాంతాల్లో ఉన్నవాళ్లలో అత్యధికులు తెల్లవాళ్లే. ఫిలడెల్ఫియాలో దక్షిణాన ఇటాలియన్, యూదు వలస కుటుంబాల వీధులకూ ఎరుపే పడింది. మరోవైపు, నగరాల్లోని నల్లజాతి కుటుంబాలు దాదాపు అన్నీ ఎరుపులోనే ఉన్నాయి. మీటింగులో ఇది చెప్పగానే ఒకాయన “అయితే ఇది జాతి సంగతి కాదంటారా?” అని అడిగాడు. జాతి సంగతే. కాకపోతే అది రంగు వేసిన రోజున కంటే, ఆ రంగులోంచి బయటపడటం ఎవరికి కుదిరిందన్న చోట బాగా బయటపడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక తెల్లజాతి కార్మికుడికి ప్రభుత్వ బీమా ఉన్న లోను దొరికింది, శివార్లలో కొత్త ఇల్లు దొరికింది. ఫిలడెల్ఫియాకు ఉత్తరాన బక్స్ కౌంటీలో 1952లో మొదలైన లెవిట్‌టౌన్ అనే శివారు కాలనీలో నల్లజాతివాళ్లకు ఇల్లు అమ్మేవాళ్లే కాదు. 1957లో విలియం, డైసీ మైయర్స్ దంపతులు ఒక పాత యజమాని దగ్గర కొనుక్కుని దిగితే, ఇంటి ముందు జనం పోగై రాళ్లు వేశారు.

ఆ కాలంలోనే దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతివాళ్లు పనుల కోసం ఫిలడెల్ఫియాకు తరలివచ్చారు. 1940లో నగర జనాభాలో వాళ్లు సుమారు 13 శాతం. 1970కి మూడో వంతు అయ్యారు. వాళ్లు వచ్చేసరికి పనులే తరలిపోవడం మొదలైంది. ఉత్తర ఫిలడెల్ఫియాలో వేలమందికి పనిచ్చిన స్టెట్‌సన్ టోపీల ఫ్యాక్టరీ 1971లో మూతపడింది. దానికి ముందే, 1964 ఆగస్టులో కొలంబియా అవెన్యూ అల్లర్లలో దుకాణాలు తగలబడ్డాయి, చాలా దుకాణాలు మళ్లీ తెరుచుకోలేదు. 1950లో 20 లక్షలు దాటిన నగర జనాభా 2000 నాటికి 15 లక్షలకు పడిపోయింది. మనుషులు వెళ్లిపోయిన రో హౌసులు (గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్లు) పాడుబడి, కూలి, ఖాళీ స్థలాలుగా మిగిలాయి. 2010 ప్రాంతంలో వేసిన లెక్కలో నగరంలో ఇలాంటివి సుమారు 40 వేలున్నాయి.

పొరలు పేర్చడంలో వచ్చిన చిక్కులు

ఒకదాని మీద ఒకటి పేర్చి చూడటానికి మూడు డేటా పొరలు తీసుకున్నాం. ఒకటి 1937 మ్యాప్. రెండు, ఫిలడెల్ఫియా పోలీసులు బహిరంగంగా పెడుతున్న, 2015 నుంచి జరిగిన కాల్పుల బాధితుల డేటా. మూడు, ఆపర్చునిటీ అట్లాస్. ఇది ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం అమెరికా సెన్సస్ బ్యూరోతో కలిసి 2018లో విడుదల చేసిన డేటా. ఏ పేటలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఎంత సంపాదిస్తున్నారో, తల్లిదండ్రుల ఆదాయం, జాతి వారీగా, సెన్సస్ ట్రాక్ట్ స్థాయిలో చెబుతుంది. ట్రాక్ట్ అంటే సుమారు నాలుగు వేలమంది ఉండే ముక్క అనుకోండి.

మొదటి చిక్కు గీతలది. 1937 గీతలకూ సెన్సస్ గీతలకూ పొంతన లేదు. ఒకే ట్రాక్ట్‌లో కొంత ఎరుపు, కొంత పసుపు, కొంత ఫ్యాక్టరీల జాగా కాబట్టి ఏ రంగూ వేయనిది ఉంటుంది. ఎక్కువ ఏ రంగుంటే ఆ రంగు ట్రాక్ట్ అని ముద్ర వేస్తే మ్యాప్ అందంగా వస్తుంది, కానీ తేడాలు చచ్చిపోతాయి. మేం ఎరుపు వాటాను శాతంగానే ఉంచాం. అదీ విస్తీర్ణం ప్రకారం కాదు, ఇళ్లున్న భాగం ప్రకారం. రైల్వే యార్డుకూ ఇళ్ల వరసకూ ఒకే బరువిస్తే లెక్క ఎటో పోతుంది.

రెండోది ఇంకా విసిగించేది. పాత మ్యాప్‌లో రెండు రంగుల మధ్య హద్దు చాలాచోట్ల ఒక వీధి మీదుగా వెళ్తుంది. కాల్పులు జరిగేదీ వీధిలోనే. డేటాలో చిరునామా ఇంటి నంబరుతో ఉండదు, ఫలానా బ్లాకు అని ఉంటుంది. చుక్క వీధి మధ్యలో పడుతుంది. అది ఎరుపు చుక్కా, పసుపు చుక్కా? సాఫ్ట్‌వేర్ నిర్ణయానికి వదిలేస్తే ఏదో ఒక వైపుకు నెట్టేస్తుంది, ఎందుకు నెట్టిందో చెప్పదు. హద్దు వీధుల మీది చుక్కలను విడిగా తీసి, రెండు వైపులకూ సగం సగం పంచి ఒకసారి, పూర్తిగా తీసేసి ఒకసారి ఫలితం చూశాం. మొత్తం చిత్రం మారలేదు. హద్దుకు ఇటూ అటూ ఉన్న తేడా మాత్రం పలచబడింది. అది సహజమే. గొడవలు పడే కుర్రాళ్లు ఎవరూ 1937 మ్యాప్ చూసి వీధి దాటరు.

హద్దుకు రెండు వైపులనూ పోల్చే పద్ధతిని నేను తక్కువ చేయడం లేదు. షికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు గీతకు రెండు వైపులా ఉన్న ఇళ్లను దశాబ్దాల సెన్సస్‌లతో పోల్చి మంచి పని చేశారు. తక్కువ గ్రేడు, అంటే కింది రంగు, పడిన వైపు సొంతిళ్లు తగ్గాయి, ఇళ్ల విలువ తగ్గింది, జాతుల మధ్య ఎడం పెరిగింది. ఆ తేడా సుమారు 1970 దాకా పెరుగుతూ వచ్చి, తర్వాత కొంత తగ్గింది. ఎరుపు చుట్టూ ఇంత చర్చ జరుగుతుంటే, పసుపు గీత కూడా గట్టిగానే దెబ్బతీసిందని చూపించింది ఆ పనే. ఇళ్ల సంగతికి హద్దు పద్ధతి సరిపోతుంది, ఇల్లు కదలదు కాబట్టి. కాల్పులకు అంతగా సరిపోదు.

2021, 2024

ఇక్కడ నేను మీటింగులో రెండు అంకెలు బోర్డు మీద రాశాను. 2021లో ఫిలడెల్ఫియాలో 562 హత్యలు. నగర చరిత్రలోనే ఎక్కువ. 2024లో 269. మూడేళ్లలో సగం కంటే తక్కువకు వచ్చాయి. 1937 మ్యాప్ మాత్రం ఆ మూడేళ్లలో ఒక్క గీత కూడా మారలేదు.

ఆ మ్యాప్ ఎక్కడ అనే ప్రశ్నకు జవాబిస్తుంది. ఎప్పుడు అనే ప్రశ్నకు ఇవ్వదు. కరోనా కాలంలో స్కూళ్లు, రిక్రియేషన్ సెంటర్లు మూసుకోవడం, తుపాకుల అమ్మకాలు పెరగడం, పోలీసుల మీద నమ్మకం పోవడం, తర్వాత ఇవన్నీ తిరిగి గాడిన పడటం, కమ్యూనిటీ సంఘాలకు డబ్బు రావడం, వీటిలో దేని వాటా ఎంత అన్న వాదన ఇంకా తెగలేదు. పైగా తగ్గుదల దేశమంతా వచ్చింది. అయితే పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ భారం ప్రధానంగా పడింది పాత ఎరుపు పేటల మీదే. నగరం మొత్తానికి జ్వరం వచ్చినా అవే ఇళ్లలో మంచం పడతారు.

మినహాయింపులూ ఉన్నాయి, వాటిని మ్యాప్ మీదనుంచి తుడిచేయడానికి నేను ఒప్పుకోలేదు. నదికి దగ్గర్లోని నార్దర్న్ లిబర్టీస్ వైపు ఇప్పుడు ఖరీదైన కాఫీ షాపులు, కొత్త అపార్టుమెంట్లు. కెన్సింగ్టన్ 1937లో తెల్లజాతి మిల్లు కార్మికుల పేట. ఇప్పుడు కాల్పులు, డ్రగ్స్ బాగా ఎక్కువున్న చోట్లలో అదొకటి. బాల్టిమోర్ పరిశోధకులు దీనికి మంచి దారి చూపించారు. గతం, వర్తమానం రెండూ కలిపి ట్రాక్టులను నాలుగు రకాలుగా విడగొట్టారు. అప్పుడూ ఇప్పుడూ నష్టపోయిన చోట్ల కాల్పులు అన్నిటికంటే ఎక్కువ. మేమూ అలాగే విడగొట్టాం. ఒకే ఎరుపు రెండు ముక్కలు కాగానే, ఆ రెండింటికీ మధ్య తేడా ఏమిటన్నది అసలు ప్రశ్నగా ముందుకొచ్చింది.

మధ్య పొర

అందుకే ఆదాయపు డేటా, అంటే ఆపర్చునిటీ అట్లాస్. పాత మ్యాప్‌కీ కాల్పులకీ మధ్య పొర అదే. చెట్టి బృందం లెక్క ప్రకారం దేశం మొత్తం మీద, అట్టడుగు అయిదో వంతు కుటుంబాల్లో పుట్టిన తెల్లపిల్లల్లో 10.6 శాతం మంది పై అయిదో వంతుకు చేరతారు. నల్లజాతి పిల్లల్లో 2.5 శాతం. మగపిల్లల మధ్య తేడా ఎంత పెద్దదంటే, ఒకే ఆదాయమున్న ఇళ్లలో పెరిగినా, దేశంలోని 99 శాతం ట్రాక్టుల్లో నల్లజాతి కుర్రాళ్ల సంపాదన తెల్ల కుర్రాళ్ల కంటే తక్కువ. ఆడపిల్లల సొంత సంపాదనలో మాత్రం తేడా దాదాపు లేదు. కాల్పుల బాధితుల్లో అత్యధికులు యువకులు కావడాన్ని దీని పక్కన పెట్టి చూడండి. రెండు డేటాలూ ఒకే తరహా మనిషి గురించి మాట్లాడుతున్నాయి.

ఈ డేటాను తప్పుగా చదవడం చాలా తేలిక. ఇందులోని పిల్లలు 1978 నుంచి 1983 మధ్య పుట్టినవాళ్లు. వాళ్లు ఆ పేటలో పెరిగింది 80లు, 90లలో, అంటే కొకైన్ చిల్లరగా వీధుల్లోకి దిగిన రోజుల్లో. వాళ్లిప్పుడు ఎక్కడున్నా, లెక్క మాత్రం పెరిగిన పేట ఖాతాలోనే పడుతుంది. అంటే ఇది ఇప్పుడు అక్కడున్నవాళ్ల ఆదాయం కాదు. గ్రాంట్ దరఖాస్తుల్లో “ఇక్కడి యువకుల ఆదాయం ఇంత” అని అట్లాస్ అంకె వేసినవి నేను చాలా చూశాను. అది తప్పు. పిల్లలు తక్కువున్న ట్రాక్టులకు జాతి వారీ అంకె ఇవ్వనే ఇవ్వరు. ఇచ్చిన వాటిలోనూ గోప్యత కోసం అంకెను కావాలనే కొద్దిగా అటూ ఇటూ జరుపుతారు. ఒక్క ట్రాక్ట్ అంకెను పట్టుకుని వేలాడకూడదు. పైగా అట్లాస్ వాడేది 2010 ట్రాక్ట్ గీతలు, 2020లో కొన్ని మారాయి.

బాణం ఎటు నుంచి ఎటు అన్నది ఇంకో తలనొప్పి. ఎదగడానికి దారి లేని చోట హింస పెరుగుతుందనేది ఒక వైపు. రెండో వైపు కూడా అంతే బలంగా ఉంది. ఇంటి దగ్గర్లో హత్య జరిగిన వెంటనే రాసిన పరీక్షల్లో పిల్లల స్కోర్లు పడిపోవడాన్ని షికాగో డేటాలో ప్యాట్రిక్ షార్కీ 2010లోనే చూపించాడు. నేరాలు బాగా తగ్గిన కౌంటీల్లో పేదపిల్లల ఎదుగుదల మెరుగుపడిందని తర్వాతి పని చెప్పింది. కాబట్టి రెడ్‌లైనింగ్ నుంచి ఆదాయానికి, ఆదాయం నుంచి కాల్పులకు అని ఒకే గీత గీసి, మధ్య పొర ప్రభావం ఇంత శాతం అని తేల్చే మోడల్ నడపడం నాకు ఇష్టం లేకపోయింది. నడపవచ్చు, అంకె కూడా వస్తుంది. ఆ అంకెను నేను నమ్మను.

కానీ నాలుగు రకాల ట్రాక్టుల పక్కన అట్లాస్‌ను పెట్టి చూస్తే చాలు. అప్పుడూ ఇప్పుడూ నష్టపోయిన ముక్కల్లో పేదింటి కుర్రాళ్ల ఎదుగుదల తక్కువ, కాల్పులు ఎక్కువ. అది పాత ఎరుపుకు పట్టిన శాపం కాదని చెప్పడానికి ఒక గట్టి ప్రయోగం ఉంది. 1990లలో బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో కొన్ని పేద కుటుంబాలకు లాటరీ తీసి, పేదరికం తక్కువున్న పేటల్లో అద్దెకుండే వోచర్లిచ్చారు. 13 ఏళ్లలోపు అక్కడికి వెళ్లిన పిల్లలు పెద్దయ్యాక 31 శాతం ఎక్కువ సంపాదించారు. పెద్దల ఆదాయం పెరగలేదు. అంటే పెరిగే చోటులో ఏదో ఉంది.

మనవాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. ఫిలడెల్ఫియా శివార్లలో ఎక్స్‌టన్ వైపు, కింగ్ ఆఫ్ ప్రష్యా వైపు ఇల్లు వెతికే తెలుగు కుటుంబం మొదట చూసేది స్కూల్ డిస్ట్రిక్టే. పెన్సిల్వేనియాలో స్కూళ్ల డబ్బులో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుంది. ఇళ్ల విలువ తక్కువున్న చోట స్కూలుకు డబ్బు తక్కువ. ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని 2023 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రపు కామన్వెల్త్ కోర్టు తీర్పిచ్చింది. ఇక కొత్తగా దిగిన విద్యార్థికి సీనియర్లు ఇచ్చే మొదటి సలహా “నార్త్ ఫిల్లీ వైపు పోకు”. ఆ సలహాలో తప్పు లేదు. ఆ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు, అంతే.

రెడ్‌లైనింగ్ పాత కథ అనుకునేవాళ్ల కోసం దరఖాస్తులో ఒక్క పేరా పెట్టాం. చట్టప్రకారం 1968లోనే నిషేధం. అయినా ఫిలడెల్ఫియా పరిసరాల్లో నల్లజాతి, లాటినో పేటలను ఇంటి లోన్లలో పక్కనపెట్టిందన్న ఆరోపణ మీద ట్రైడెంట్ మార్ట్‌గేజ్ కంపెనీ 2022లో న్యాయశాఖతో 2 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది.

చేతికి అందేది ఏమిటి

ఫిలడెల్ఫియాకు ఒక అదృష్టముంది. ఏం పనిచేస్తుందో ఈ నగరంలోనే కొలిచారు. ఖాళీ స్థలాల్లో చెత్త తీసి, మట్టి పోసి, గడ్డి వేసి, రెండు మూడు చెట్లు నాటి, నడుము ఎత్తు కూడా లేని చెక్క కంచె కడతారు. పెన్సిల్వేనియా హార్టికల్చరల్ సొసైటీ ఏళ్లుగా చేస్తున్న పని. 541 స్థలాలను లాటరీ పద్ధతిలో విడగొట్టి కొలిస్తే, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న పేటల్లో కాల్పుల హింస 29 శాతం తగ్గింది. ఫలితం 2018లో వెలువడింది. ఎందుకు తగ్గిందన్నదానికి పేటవాళ్లు చెప్పే మాట సూటిగా ఉంటుంది: ఒంటి మీద తుపాకీ దొరికితే కేసు, అందుకే పొదల్లో దాస్తారు. పొద లేకపోతే దాచే చోటు లేదు.

రెండోది ఇళ్లు. తక్కువ ఆదాయమున్న సొంతింటివాళ్లకు పైకప్పు, వైరింగ్, ప్లంబింగ్ మరమ్మతులు నగరమే చేయించిన బ్లాకుల్లో మొత్తం నేరాలు సుమారు 22 శాతం తగ్గాయని 2021లో వచ్చిన పరిశోధన చెప్పింది. అది లాటరీ ప్రయోగం కాదు కాబట్టి దాన్ని ఒక మెట్టు కిందే ఉంచాను.

మూడోది మాకు సంఘాలవాళ్లు నేర్పింది. అవ్వ చనిపోయింది, మనవడు ఆ ఇంట్లోనే ఉంటున్నాడు, పన్ను కడుతున్నాడు, దస్తావేజు మాత్రం ఇంకా అవ్వ పేరు మీదే. ఇక్కడ దీన్ని టాంగిల్డ్ టైటిల్ అంటారు. వారసుల పేరు మీదికి మ్యుటేషన్ కాని ఇల్లు మనకూ తెలుసు. ఫిలడెల్ఫియాలో ఇలాంటివి 10 వేలకు పైగా ఉన్నాయనీ, వాటి విలువ 110 కోట్ల డాలర్లు దాటుతుందనీ ప్యూ అనే పరిశోధన సంస్థ 2021లో లెక్కగట్టింది. అవి ఎక్కువగా ఉన్నవి ఉత్తర, పశ్చిమ, నైరుతి ఫిలడెల్ఫియాలోని నల్లజాతి పేటల్లోనే. టైటిల్ సరిగా లేకపోతే లోను రాదు, ఇన్సూరెన్స్ కష్టం, చాలా మరమ్మతు పథకాలు అందవు. పైకప్పు కారుతుంది, ఇల్లు ఖాళీ అవుతుంది, దొంగ సంతకాలతో ఎవడో అమ్మేస్తాడు. బ్యాంకు లోను లేని కాలంలో కష్టపడి కొన్న ఇల్లు కూడా తర్వాతి తరానికి ఆస్తిగా మిగలకుండా పోవడమంటే ఇదే. 1937కీ ఇప్పటికీ మధ్య, నాకు దొరికిన వాటిలో చేత్తో పట్టుకోగలిగిన ముడి ఇదొక్కటే.

మరి దరఖాస్తులో చివరికి ఏం పెట్టాం? వాళ్లడిగిన మ్యాప్ ఉంది, మొదటి పేజీలో కాదు, మూడో పేజీలో. కింద “ఇది కారణానికి రుజువు కాదు” అన్న వాక్యంతో. మొదటి పేజీలో బ్లాకుల జాబితా పెట్టాం: కాల్పులు పదేపదే జరిగే బ్లాకులు, వాటిలోని ఖాళీ స్థలాలు, పాడుబడ్డ ఇళ్లు, యజమాని చనిపోయినా పేరు మారని ఇళ్లు. పని అక్కడ, ఆ వరసలో. “ఎరుపు పేట అని మళ్లీ మేమే ముద్ర వేసుకుంటామా” అని ఒక పెద్దావిడ అభ్యంతరం చెప్పింది. ఆమె మాట విని, బ్లాకుల జాబితాలో 1937 గ్రేడు కాలమ్ తీసేశాం. ఎంపికకు అది అవసరమూ లేదు.

ఫలితాలు కొలిచే పట్టికలో మొదట మూడు వరసలు పెట్టాం. శుభ్రం చేసిన స్థలాలు, పేరు మారిన టైటిళ్లు, ఆ బ్లాకుల్లో కాల్పులు, వాటిలాంటివే అయిన వేరే బ్లాకులతో పోల్చి. పిల్లల ఆదాయం కూడా ఒక వరసగా ఉండాలని సంఘాలు పట్టుబట్టాయి. పెట్టాం. దాని ఎదురుగా గడిలో, ఇప్పుడు ఎనిమిదేళ్లున్న పిల్ల సంపాదన ఎంతో పాతికేళ్లకు గానీ తెలియదు కాబట్టి ఈ ప్రాజెక్టు కాలంలో దీన్ని కొలవలేం అని రాశాం. డబ్బిచ్చిన సంస్థ దాన్ని అలాగే ఒప్పుకుంది. మొదటి విడత డబ్బు టైటిళ్ల పని చేసే లాయర్ల ఖర్చుకు వెళ్తోంది.